ఇప్పపువ్వు ఎత్తమన్నది ఎవరు

మా స్నేహితుల మధ్య ఒక నవ్వుల కథ ఉంది. నలుగురం ఎక్కడ కలిసినా ఎవరో ఒకరు అది చెప్పమని మణిని సతాయిస్తారు. మణి వాళ్ళమ్మ కూతురి ఎగ్జిబిషన్ చూడ్డానికి అడవి నుంచి హైదరాబాదు వచ్చి, కూతురు చేసిన కళాఖండాన్ని కాస్తా పాత చీరలో మూటగట్టేసిన కథ. మణి చేతులు తిప్పుతూ, వాళ్ళమ్మ గొంతు పెట్టి మరీ చెబుతుంది. అందరూ పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఒక్కోసారి అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను.

ఆ కథలో ఒక మాట లేదు. ఆ మాట నాది.

ఇన్నేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మోయడం అంటే పెద్ద బండరాయేం కాదు లెండి. చెప్పులో దూరిన గులకరాయి. నడవొచ్చు, నడుస్తూనే ఉన్నాను, ఎవరికీ తెలియదు. కానీ అడుగు వేసినప్పుడల్లా అది అక్కడే ఉంటుంది. మీకు చెబుతాను. మీరు నాకు ఏమీ కారు, మణి మీకు తెలియదు, అందుకే చెప్పగలనని ధైర్యం. ఇదీ ఒక ధైర్యమేనా అంటే, ఏమో.

మాది వైరా. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. మణిది పినపాక అవతల అడవిలో ఒక కోయగూడెం. ఇద్దరికీ హైదరాబాదులో ఒకే విశ్వవిద్యాలయంలో చిత్రకళలో సీటొచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. క్లాసులో తను వెనక వరసలో, నేను ముందు వరసలో. మాటల్లేవు. మొదటి సెలవులు అయిపోయి తిరిగి వెళ్ళేటప్పుడు మణుగూరు బస్సు వైరాలో ఆగింది. జనం తోసుకుంటున్నారు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి నా సంచీ పట్టుకుని లోపలికి గుంజేసింది. ఎక్కి చూస్తే మణి, పక్క సీట్లో తువ్వాలు పరిచి, దానిమీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"జల్దీ కూసో తల్లీ. కొత్తగూడెం కాడ్నుంచి ఈ సీటు కోసం అందరితోని కొట్లాడుకుంట వస్తున్న" అంది.

అంతే. చదువు అయ్యేదాకా ఏ సెలవుల తర్వాతైనా ఆ బస్సులో నాకో సీటు ఉండేది. దానిమీద ఆ తువ్వాలు ఉండేది. నాకు అంత చనువుగా సీటు ఆపినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం ఇంకా కష్టమవుతుందని తెలుసు. అయినా చెబుతున్నాను.

ఒక ఎండాకాలం వాళ్ళింటికి వెళ్ళాను. మణి వాళ్ళమ్మ ముత్తమ్మను అప్పుడే మొదటిసారి చూడటం. "నమస్తే ఆంటీ" అన్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "ఆంటీ ఏంది? నేనేమన్న టీచరమ్మనా? పెద్దమ్మా అను" అంది. పొట్టి మనిషి. చకచకా నడుస్తుంది, ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వదు, తను కూర్చోదు. వెళ్ళిన పూటే నా జుట్టు చూసి "ఇదేం జడ, ఎలుక తోక లెక్క" అని విప్పేసి నూనె పెట్టింది. మా అమ్మ కూడా నన్నంత మాట అనలేదు. నాకు కోపం రాలేదు సరికదా, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇప్పపువ్వు కాలం అది. తెల్లారకముందే చెట్ల కింద రాలిన పువ్వు ఏరుకొచ్చి, ప్రతి ఇంటి ముందూ ఎండబోసి ఉంది. గూడెం అంతా ఒక తియ్యటి, కాస్త మత్తు వాసన. మధ్యాహ్నం అన్నం తింటున్నాం. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. పెద్దమ్మ కంచం అక్కడే వదిలి, ఎంగిలి చెయ్యి చీరకు తుడుచుకుంటూ పరిగెత్తింది. తన వాకిట్లో పువ్వు ఎత్తింది. తర్వాత పక్కింటిది. వాళ్ళు ఇంట్లో లేరు. ఆ తర్వాత ఇంకో ఇంటిది. గూడెంలో ఉన్న ఆడవాళ్ళు, పిల్లలు అందరూ అదే పని. ఎవరి వాకిలి ఎవరిదో నాకైతే తెలియలేదు. వాన దబదబా కురిసే సరికి పువ్వు మొత్తం చూరు కింద ఉంది. పెద్దమ్మ తడిసిన తలతో వచ్చి, మళ్ళీ కంచం ముందు కూర్చుని, ఏమీ జరగనట్టు తినడం మొదలుపెట్టింది.

వాళ్ళను అడగకుండా ఎత్తితే ఏమనుకోరా అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది. "పువ్వు తడుస్తాంటే అడుక్కుంట కూసుంటమా?" అంది.

ఇది గుర్తుపెట్టుకోండి. వాళ్ళ గూడెంలో పువ్వు ఎత్తడానికి ఎవరినీ అడగరు. ముత్తమ్మ తన జన్మలో ఒక్కసారే అడిగింది. నన్ను.

ఆఖరి సంవత్సరం. ఏప్రిల్‌లో ఎగ్జిబిషన్. మా చదువంతా దానికోసమే అన్నట్టు ఉండేది. ఎవరికి వాళ్ళకు కాస్త చోటు ఇస్తారు. అందులో మనం చేసినవి పెట్టుకోవాలి. బయటినుంచి జ్యూరీ వాళ్ళొచ్చి చూస్తారు. మొత్తం బ్యాచ్‌లో ఒక్కరికి, దూరంగా ఉన్న ఒక పేరున్న విశ్వవిద్యాలయంలో పై చదువుకు సిఫారసు దొరుకుతుంది. ఒక్కరికే. నాకు అది కావాలి. ఎంత కావాలంటే, రాత్రుళ్ళు ఆ ఊరి రైలు స్టేషన్‌లో దిగుతున్నట్టు ఊహించుకునేదాన్ని. మణికీ కావాలి. తను పైకి అనేది కాదు, కానీ ఆ ఊళ్ళో చలి ఎంతుంటుందో అందరినీ అడిగేది.

నేను వైరా చెరువు వేశాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, నీళ్ళు. మా సారు చూసి "నీట్‌గా ఉన్నాయమ్మా" అన్నారు. నీట్‌గా! ఇల్లు సర్దినట్టు. ఆ మాటకు నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

మణి గోడ అడగలేదు, నేల అడిగింది. డిపార్ట్‌మెంట్ వెనక ఉన్న ఆరుబయలు. అక్కడ మట్టి ఊడ్చి, అలికి, దానిమీద ఇప్పపువ్వు పోసింది. నడుమ చెట్టు మొదలంత గుండ్రటి ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ దగ్గరగా పువ్వు దట్టంగా, దూరం పోయేకొద్దీ పల్చగా. తెల్లారే ముందు చెట్టు కింద నేల ఎలా ఉంటుందో అలా. ఒక పక్క పచ్చిపువ్వు, పాలమీగడ రంగులో. ఇంకో పక్క ఎండుపువ్వు, ముదురు ఎరుపు. మధ్యలో ఆ రంగులన్నీ. పువ్వు మధ్య అక్కడక్కడా చిన్న చిన్న ఖాళీలు, ఒకదాని వెంట ఒకటి, వంకర టింకరగా సాగిపోతూ.

అవేమిటని అడిగాను.

"మా అమ్మ" అంది మణి. గొంతుకూర్చుని ఏరుతూ ఏరుతూ వాళ్ళమ్మ జరిగిన చోట్లు అవి. పాదాలు ఆనిన చోట, చేతికందినంత మేర పువ్వు ఉండదు కదా, అవి. చెట్టు లేదు, అమ్మ లేదు, ఇద్దరూ ఉన్న చోటు మాత్రం ఉంది. "అమ్మకు చెప్పకు. జ్యూరీ వాళ్ళు వచ్చినప్పుడు అందరి ముంగట నేనే చెప్త. ఏమంటదో చూడాలె" అని నవ్వింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మణిని గట్టిగా పట్టుకుని "అద్భుతంగా ఉందే" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ నీళ్ళు సంతోషంతోనే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, సగం సంతోషం, సగం నా చెరువు బొమ్మలు గుర్తొచ్చి. ఏ సగం ఎక్కువో నాకు ఈనాటికీ తేలలేదు. మనిషికి తన కన్నీళ్ళు కూడా ఎందుకొచ్చాయో తెలియకపోతే ఎలా చెప్పండి?

ఎండాకాలం వానలకు భయపడి మేమిద్దరం కలిసే ఒక నీలం పట్టా తెచ్చాం. మబ్బు పడితే నేలకు తగలకుండా కప్పడానికి నాలుగు మూలలా గుంజలు పాతాం, తాళ్ళు కట్టాం. ఎలా లాగాలో మణి నాకు చేసి చూపించింది. పట్టా మడతపెట్టి మెట్ల మీద పెట్టాం. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

జ్యూరీ వచ్చే రోజుకు పెద్దమ్మ వచ్చింది. పచ్చిపువ్వు చివరి గంప తనే తెచ్చింది, తడిగుడ్డ కప్పి, బస్సులో దారిపొడవునా ఒళ్ళో పెట్టుకుని. బస్సంతా వాసన కొట్టిందట, కండక్టరు గొణిగాడట. "నీకు రెండు గుప్పిళ్ళు పెడత, నోరు మూసుకో అన్న" అని చెప్పింది. పెట్టిందట కూడా.

మణికి పని ఉంది, అందుకని ఎగ్జిబిషన్ మొత్తం నేనే తిప్పి చూపించాను. ఆ ఒక్క గంట నా జీవితంలో నేను మర్చిపోలేని గంట. ఒకడు ప్లాస్టరు చేతులు, కాళ్ళు చేసి వరసగా గోడకు పెట్టాడు. పెద్దమ్మ వాటిని చూసి, "అయ్యో, ఇంతమందికి ఏమైంది? ఏ దవాఖానాల జేసిన్రు?" అంది. బట్టల్లేని మనిషి బొమ్మ ముందు ఆగి, ఆ బొమ్మ గీసిన కుర్రాడి భుజం తట్టి, "పాపం, జర ఒక పంచె గీయి బిడ్డా, చలి పెడతది వీనికి" అంది. ఆ కుర్రాడు సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంకొకతను కుర్చీలన్నీ తలకిందులుగా పైకప్పుకు వేలాడదీశాడు. ఆవిడ కాసేపు తలెత్తి చూసి, మెడ నొప్పి పుట్టి, "ఒకటి దించమను, కూసుంట" అంది. నా చెరువుల ముందు మాత్రం చాలాసేపు నిలబడింది. "ఇది వైరా చెరువే గదా? బస్సులకెళ్ళి చూసిన. అచ్చం గట్లనే ఉంది" అంది. ఆ రోజు నన్ను మెచ్చుకున్నది ఆవిడ ఒక్కతే. అప్పుడు కూడా నా మనసు నీచంగా ఏమనుకుందో తెలుసా? పల్లెటూరి మనిషి మెప్పు నాకెందుకు అనుకుంది. ఛ!

మధ్యాహ్నం దాటింది. మణి తన పేరు కార్డు ప్రింటు కోసం గేటు బయట షాపుకు వెళ్ళాలి. వెళ్తూ వెళ్తూ నాతో, "మబ్బు పడితే పట్టా గుంజు. అమ్మ ఉంది గదా, ఇద్దరు గుంజితే అయిపోతది" అంది. సరే అన్నాను. తను వెళ్ళిపోయింది.

పెద్దమ్మ, నేను మెట్ల మీద కూర్చున్నాం. కాసేపటికి గాలి మారింది. పడమటి వైపు నల్లగా లేచింది. పెద్దమ్మ ఊరికే ఉండలేకపోయింది. లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. పువ్వు వైపు రెండడుగులు వేసి ఆగింది. వాళ్ళ వాకిలైతే ఈపాటికి సగం ఎత్తేసి ఉండేది. ఇక్కడ ఆగింది. నా వైపు తిరిగింది.

"బిడ్డా, మబ్బు మంచిగ లేదు. ఈడ మీ పద్ధతి నాకు ఎరుక లేదు. పువ్వు ఎత్తాలెనా?"

పట్టా నా వెనకే ఉంది. నా వీపుకు తగులుతోంది. నాకు ఆ గరుకు ఇప్పటికీ గుర్తుంది.

"ఎత్తెయ్యండి పెద్దమ్మా" అన్నాను.

"మణి ఏమనదు గదా?"

"ఏమీ అనదు. తడిస్తే పాడైపోతుంది కదా."

అని చెప్పి లేచాను. లోపల నా బొమ్మ ఒకటి వంకరగా ఉంది, సరిచేసి వస్తానని హాల్లోకి వెళ్ళిపోయాను. నా బొమ్మ ఏదీ వంకరగా లేదు. నీట్‌గానే ఉన్నాయి. కిటికీలోంచి చూశాను. పెద్దమ్మ రెండు చేతులతో, ఎంత వేగంగానో, పువ్వును కుప్పలు చేసి తను తెచ్చుకున్న పాత చీరలోకి తోస్తోంది. పచ్చిది, ఎండుది అన్నీ కలిసిపోతున్నాయి. తను కూర్చున్న చోట్ల గుర్తులన్నీ తన చేతులతోనే చెరిగిపోతున్నాయి. నేను అరిచి ఆపొచ్చు. ఇంకా సగం ఉంది. అరవలేదు. ఇంకా ఒక మూల ఉంది. అరవలేదు.

మొదటి మాటకైనా ఏదో ఒక సాకు చెప్పుకోగలను, నోరు జారిందని. కిటికీ దగ్గర నిలబడ్డదానికి ఏం చెప్పుకోను?

నాలుగు చినుకులు పడ్డాయి. అంతే. గాలి మబ్బును తోసుకుపోయింది, ఎండ వచ్చేసింది.

మణి వచ్చేసరికి వాళ్ళమ్మ మెట్ల మీద మూట పక్కన పెట్టుకుని, ముఖం తుడుచుకుంటూ, గొప్ప పని చేసిన సంతోషంతో కూర్చుని ఉంది. మణి చేతిలో కార్డు కిందపడింది.

"అమ్మా! ఏం జేసినవే?"

"వానొస్తదని ఎత్తిన బిడ్డా. ఒక్క పువ్వు తడవనియ్యలే."

"ఎవర్నడిగి ఎత్తినవ్?"

నేను హాలు గుమ్మంలో ఉన్నాను. పెద్దమ్మ తలెత్తి నన్ను చూసింది. కూతురి ముఖం చూసింది. మళ్ళీ నన్ను చూసింది. అప్పటికి ఆవిడకు అర్థమైంది, ఎత్తకూడనిది ఎత్తానని. ఎవరు ఎత్తమన్నారో కూడా తెలుసు. నేను నోరు తెరవాల్సిన క్షణం అది. నోరు తెరవలేదు.

"ఎవర్నడగాలె? మన పువ్వే గదా" అంది ముత్తమ్మ.

మణి వాళ్ళమ్మను తిట్టలేదు. తిట్టినా ఇంకా నయం అనిపించేది. మోకాళ్ళ మీద కూర్చుని మూట విప్పి మళ్ళీ పరచడం మొదలుపెట్టింది. నేను లోపల ఉండి మబ్బు చూసుకోలేదనుకుందేమో, పట్టా సంగతే అడగలేదు. నేనూ వెళ్ళి సాయం చేశాను. అవునండీ, సాయం చేశాను! పచ్చిదీ ఎండుదీ వేరు చేశాను, కిందా మీదా పడ్డాను, మణి "నువ్వు లేకపోతే నేనేమైపోదునే" అంది. కానీ పచ్చిపువ్వు నలిగిపోయింది. ఆ ఖాళీలు ఎక్కడెక్కడున్నాయో మణికే గుర్తులేదు. జ్యూరీ వాళ్ళు వచ్చేసరికి అక్కడ ఉన్నది ఎండబోసిన ఇప్పపువ్వు, అంతే. ఒకాయన వంగి చూసి, వాసన బాగుందన్నాడు. వెళ్ళిపోయారు. మణి వాళ్ళమ్మ గురించి చెప్పాలనుకున్నది ఏదీ చెప్పలేదు.

పోనీ, నాకైనా వచ్చిందా ఆ సిఫారసు అంటే, అదీ లేదు. కుర్చీలు వేలాడదీసినతనికి వచ్చింది.

సాయంత్రం మణి గదిలో ముఖం గోడకు తిప్పుకుని పడుకుంటే, పెద్దమ్మను నేనే బస్టాండుకు తీసుకెళ్ళాను. సిటీ బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి, ఈ స్టాపు దాటాక చెప్పాలి అనుకుంటూనే బస్టాండు వచ్చేసింది. మణుగూరు బస్సు ఎక్కేముందు ఆవిడ మళ్ళీ కట్టుకొచ్చిన మూట విప్పి, గుప్పెడు పువ్వు తీసి నా చున్నీలో పోసింది.

"వేయించుకోని తిను. మంచిగుంటది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వేం మనసుల పెట్టుకోకు బిడ్డా. నువ్వు మంచికే చెప్పినవ్. నీకు మాత్రం ఏం ఎరుక? మణికి చెప్పకు. ఇద్దరు మంచిగ కలిసి ఉండాలె" అంది.

నీకు మాత్రం ఏం ఎరుక!

ఆవిడ నన్ను కాపాడింది నా తప్పు తెలిసి కాదు. నాకు తప్పే లేదని నమ్మి. క్షమించి ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్నేమో. నమ్మేసింది. దాంతో నేనేం చెయ్యను? పైగా మణికి చెప్పకు అని ఒక మాట చేతిలో పెట్టి వెళ్ళింది. ఆ మాట వెనక దాక్కుని ఎన్నేళ్ళు గడిపానో. పెద్దమ్మే చెప్పొద్దన్నది కదా, ఆవిడ మాట కాదంటానా, అని నాకు నేనే పెద్దమనిషిలా సర్దిచెప్పుకున్నాను.

ఇంకో సాకు కూడా ఉండేది. మేమూ రైతులమే కదా. వైరాలో మా మిరప కల్లం మీద మబ్బు పడితే మా ఇంటిల్లిపాదీ పరిగెత్తడం నా చిన్నప్పటినుంచీ చూశాను. పంట ఆరుబయట ఉండి మబ్బు కనిపిస్తే మా రక్తమే ఊరుకోదు, అందుకే ఎత్తెయ్యమని ఉంటాను, నేను కావాలని అన్లేదు. చాలాకాలం ఈ సాకు నాకు బాగా పనికొచ్చింది. ఒక వేసవిలో ఇంటికెళ్ళాను. మిరపకాయలు ఎర్రగా ఎండబోసి ఉన్నాయి. ఉరిమింది. మా నాన్న కల్లంలోకి పరిగెత్తుతూ అరిచిన అరుపు విని నేను అక్కడే నిలబడిపోయాను.

"పట్టాలు! పట్టాలు తెండి!"

మా కల్లంలో మిరపకాయలు ఎవరూ ఎత్తరు. పట్టా కప్పుతారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఒక కొస పట్టుకుని లాగినదాన్ని నేను. నా రక్తానికి తెలిసిన పని కప్పడమే. ఎత్తమన్నది రక్తం కాదు. నేనే.

ఇప్పుడు మణి అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతోంది. నేను హైదరాబాదులోనే బట్టల డిజైన్లు గీసి బతుకుతున్నాను. ప్రతి ఏప్రిల్‌లో మణి వాళ్ళ పిల్లల ఎగ్జిబిషన్‌కు వెళ్తాను. ఒక్క ఏడు కూడా తప్పలేదు. మణి నాకోసం ముందు వరసలో కుర్చీ ఆపి, దానిమీద తన చున్నీ వేస్తుంది. పిల్లలు చేసినవి చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఆ కంగారు, ఆ రంగు మరకల చేతులు, నిద్రలేని కళ్ళు. ఆరుబయట ఎవరైనా ఏదైనా పెడితే మాత్రం నా చూపు ముందు ఆకాశం మీదికి పోతుంది.

పెద్దమ్మ రాలేదు ఇన్నేళ్ళూ. మణి ప్రతిసారీ పిలిచేది. "నాకెందుకు బిడ్డా, మళ్ళ ఏదన్న ఎత్తిపెడతనేమో" అనేదట. మణి అది చెప్పి నవ్వేది. వాళ్ళిద్దరి మధ్య ఏ పొరపొచ్చాలూ లేవు, అది మీకు చెప్పాలి. మణి కోపం వారం తిరక్కుండానే పోయింది. వాళ్ళమ్మ అంటే ప్రాణం దానికి. అందుకే అది నవ్వుల కథ అయింది. కానీ ఆ పువ్వు మధ్య ఖాళీలు ఏమిటో మణి వాళ్ళమ్మకు చెప్పనేలేదు. నేను ఒకసారి అడిగితే, "పోనీలేవే, ఇప్పుడెందుకు, ఇంకా బాధపడ్తది" అంది.

ఈ ఏడు పెద్దమ్మ వచ్చింది. కంటి ఆపరేషన్ కోసం మణి తీసుకొచ్చింది. పని అయ్యాక, నల్లద్దాలు పెట్టించి, బలవంతాన ఎగ్జిబిషన్‌కు పట్టుకొచ్చింది. నన్ను చూడగానే "చిక్కిపోయినవేంది?" అని తిట్టింది. జడ మీద మాత్రం ఏమీ అనలేదు, ఇప్పుడు జడే లేదు కదా.

హాలు గుమ్మం దాటుతూ పెద్దమ్మ ఒక పని చేసింది. కొంగు ముందుకు లాక్కుని, రెండు చేతులూ అందులో చుట్టేసుకుంది. గట్టిగా, ఒకటికి రెండు మెలికలు వేసి. అలాగే మొత్తం తిరిగింది. ఒక పాప నేల మీద గింజలు రకరకాలుగా పోసి పెట్టింది, కందులు, జొన్నలు, ఆముదాలు. చూసేవాళ్ళు చేత్తో కలపాలట, జరపాలట. "ముట్టుకో అమ్మమ్మా, ముట్టుకోవడానికే పెట్టిన" అని ఆ పాప ఎంతో ప్రేమగా పిలిచింది.

పెద్దమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "వద్దు తల్లీ. నా చెయ్యి పడితే ఖరాబైతది" అంది.

మణి పకపకా నవ్వి, వాళ్ళమ్మ భుజాల చుట్టూ చెయ్యి వేసి, చుట్టూ చేరిన పిల్లలకు ఆ కథ మొదలుపెట్టింది. కథ మబ్బు దగ్గరికొచ్చింది. మూట దగ్గరికొచ్చింది. "ఎవర్నడిగి ఎత్తినవే అంటే మా అమ్మ ఏమన్నదో ఎరుకేనా?" అంది. పెద్దమ్మ కూడా నవ్వుతోంది, కొంగులో చేతులు అలాగే పెట్టుకుని. ఆ చేతులు నా జుట్టుకు నూనె పెట్టిన చేతులు. ఎవరి వాకిలి అని చూడకుండా గూడెం అంతా పువ్వు ఎత్తిన చేతులు. ఏ తప్పూ చెయ్యకుండా వాటిని తనే కట్టేసుకుని తిరుగుతోంది. నల్లద్దాల వెనక నుంచి నా వైపు చూసిందో లేదో తెలియలేదు.

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వకపోవడం ఒక గొప్పా? నాలుగడుగుల దూరంలో మణి ఉంది, పెద్దమ్మ ఉంది, నా నోట్లో నాలుక ఉంది. ఎవరో చాయ్ అన్నారు, అందరూ అటు కదిలారు, నేనూ కదిలాను.

వాళ్ళకు చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. చెబితే ఆ బస్సు సీటు మీది తువ్వాలు ఎవరైనా తీసేస్తారేమోనని ఇంత వయసొచ్చీ భయం. మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు, ఓదార్చనూ అక్కర్లేదు. ఒక్కసారి ఆ కథ ఉన్నదున్నట్టు ఎవరికైనా చెప్పాలనిపించింది, చెబుతున్నాను. మబ్బు పట్టింది. పట్టా నా వీపుకు తగులుతోంది. పువ్వు ఎత్తాలెనా అని ముత్తమ్మ అడిగింది.

ఎత్తమన్నది నేను.